కోస్టారికాలో ఒక రోజు జిప్‌లైన్: మాంటెవెర్డేనా, అరెనాలా, సముద్రం పక్కనా?

రాజధాని సాన్ హొసేలోనో, పక్కనే ఉన్న ఎరేడియాలోనో సెమిస్టర్ చదవడానికి వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ రెండో వారానికల్లా ఈ చర్చ మొదలవుతుంది. శుక్రవారం క్లాసులు లేవు, అడవిలో జిప్‌లైన్ చేయాలి, అంటే చెట్ల మధ్య కట్టిన ఉక్కు కేబుల్‌కి వేలాడుతూ జారాలి, ఎటు వెళ్దాం? ఒకరు మాంటెవెర్డే అంటారు, ఇంకొకరు అరెనాల్ అంటారు, మూడో వాళ్లకి సముద్రం కూడా కావాలి. నేను అక్కడ స్పానిష్ చదువుకుంటూ ఈ మూడు వైపులా తిరిగినదాన్ని. అమెరికాలో ఎం.ఎస్. చేస్తూ స్ప్రింగ్ బ్రేక్‌కో, డిసెంబర్ సెలవులకో అటు వెళ్లే మనవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. చేతిలో ఒక్క పగలే ఉంటే లా ఫోర్చూనా వెళ్లండి, అంటే అరెనాల్ అగ్నిపర్వతం కింద ఉన్న ఊరు. ఒక రాత్రి ఉండగలిగితే మాంటెవెర్డేని మించింది లేదు. సముద్రమే అసలు పని, జిప్‌లైన్ కొసరు అనుకుంటే పసిఫిక్ తీరంలోని క్వెపోస్. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి మామూలుగా అందరూ చూసేది కేబుల్ ఎంత పొడుగు, ఎంత ఎత్తు అని. నా దృష్టిలో అది చివర చూడాల్సిన సంగతి. అడవి ఎలాంటిది, ఆ నెలలో గాలీ వానా ఎలా ఉంటాయి, బ్రేకు ఎవరి చేతిలో ఉంటుంది అన్న మూడూ తేలితే ఊరు దానంతట అదే తేలిపోతుంది.

అసలు చెట్ల మీదుగా తాడు కట్టుకుని తిరగాలన్న ఆలోచన ఈ దేశంలో సరదా కోసం పుట్టింది కాదు. ఉష్ణమండల అడవిలో పూలు, కాయలు, పురుగులు, పిట్టలు, కోతులు చాలా మటుకు పైకప్పులోనే, అంటే చెట్ల పై కొమ్మలు కలిసే చోటే ఉంటాయి. కింద నిలబడితే నీడ, ఆకుల చెత్త, వేళ్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. డొనాల్డ్ పెర్రీ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 1970ల్లో ఇక్కడి లా సెల్వా పరిశోధన కేంద్రంలో తాళ్లు కట్టుకుని ఆ పైకప్పులోకి ఎక్కి చదవడం మొదలుపెట్టాడు. 1994లో సాన్ హొసే దగ్గర అడవి మీదుగా మనుషుల్ని కేబుల్‌కి వేలాడే పెట్టెల్లో తీసుకెళ్లే ఏరియల్ ట్రామ్ కూడా ఆయన చొరవతో వచ్చిందే. పర్యాటకుల కోసం జిప్‌లైన్లు మాంటెవెర్డేలో 1990ల్లో మొదలై, తర్వాత దేశమంతా పాకాయి. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, కోస్టారికాలో జిప్‌లైన్‌కి డబ్బు పెడుతున్నది కేవలం జారడానికి కాదు. ఆ పైకప్పు చూడటానికి. అది దొరకని చోట ఎంత పొడుగు కేబుల్ ఉన్నా నాకు తృప్తి ఉండదు.

ఇక మాంటెవెర్డే. ఇది మేఘాల అడవి. కరీబియన్ సముద్రం వైపు నుంచి వచ్చే తేమ గాలి తిలారాన్ కొండలకి తగిలి పైకి ఎక్కుతుంది, చల్లబడుతుంది, అక్కడికక్కడే మబ్బుగా మారి చెట్లలోంచి పారుతుంది. వాన పడకపోయినా ఆకుల చివరల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. బస్సు దిగే ఊరు శాంతా ఎలీనా, సుమారు 1,300 మీటర్ల పైన ఉంటుంది. అడవి ఇంకా ఎత్తులో. డిసెంబర్‌లో లంబసింగి వెళ్లిన వాళ్లకి ఆ చలి, ఆ పొగమంచు అర్థమవుతాయి. తేడా అల్లా ఇక్కడ అది ఏడాది పొడవునా ఉంటుంది. ఒక్కో చెట్టు కొమ్మ మీద నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు, బ్రొమీలియడ్‌లు మందంగా పేరుకుని, కొమ్మ బెరడు ఎక్కడుందో కనిపించదు. కేబుల్ మొదలయ్యే చోట ఎత్తులో కట్టిన ప్లాట్‌ఫామ్ మీద మీ వంతు కోసం నిలబడినప్పుడు ఆ కొమ్మలు సరిగ్గా కళ్ల ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంటాయి. నాకు అక్కడ నచ్చింది జారడం కన్నా ఆ నిరీక్షణే.

ఆ అడవి ఇంకా మిగిలి ఉండటానికి కారణమైన వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. కోస్టారికా 1948లో సైన్యాన్ని రద్దు చేసింది. యుద్ధంలో చేరడం తమ మతానికి విరుద్ధమని నమ్మిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందిన అమెరికన్ కుటుంబాలు కొన్ని ఆ సంగతి తెలిసి 1951లో అలబామా నుంచి వచ్చి ఈ కొండ మీద పాడి పెట్టుకుని స్థిరపడ్డాయి. ఏటి నీళ్లు ఎండిపోకుండా కొండ పైభాగం అడవిని నరకకుండా వదిలేశారు. 1972లో మొదలైన మేఘారణ్య రిజర్వుకి అది పునాది అయింది. ఈ కొండ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని బంగారు రంగు గోదురుకప్ప ఒకటి ఉండేది. 1989లో చివరిసారి కనిపించింది, అంతే. రిజర్వులో గైడుతో నడిస్తే ఈ కథంతా వాళ్లే చెబుతారు, తప్పక వినండి.

మాంటెవెర్డేలో ఉన్న కంపెనీల మధ్య కూడా తేడా పెద్దదే. సెల్వతూరా పార్కు అడవి లోపలే ఉంటుంది, అదే ఆవరణలో ఎనిమిది వేలాడే వంతెనలు ఉన్నాయి. పైకప్పు చూడాలన్న వాళ్లకి నేను చెప్పేది ఇదే. 100% అవెంతూరా వాళ్ల ప్రత్యేకత ఒకటిన్నర కిలోమీటరు దాటిన ఒకే కేబుల్. దాని మీద బోర్లా పడుకుని, చేతులు చాపి లోయ మీదుగా వెళ్తారు. అది లోయ దృశ్యం, అడవి లోపలి దృశ్యం కాదు. వేగం కోసం వచ్చిన వాళ్లు దాన్నే ఇష్టపడతారు, అందులో తప్పేమీ లేదు. స్కై ట్రెక్ వాళ్లకి మాంటెవెర్డేలోనూ అరెనాల్‌లోనూ రెండు చోట్లా కేంద్రాలున్నాయి. ముందు ట్రామ్‌లో కొండ పైకి తీసుకెళ్లి, అక్కడ నుంచి కేబుళ్ల మీద కిందికి దింపుతారు.

మరి ఒక్క రోజుకి మాంటెవెర్డే ఎందుకు వద్దంటున్నాను? సాన్ హొసే నుంచి బస్సులో నాలుగు గంటల పైన పడుతుంది. కోస్టారికాలో ఏడాదంతా సాయంత్రం ఐదున్నర, ఆరుకి చీకటి పడిపోతుంది. పొద్దున బస్సెక్కి, మధ్యాహ్నం చేరి, ఆదరాబాదరాగా జిప్‌లైన్ చేసి మళ్లీ కొండ దిగడం అంటే రోజంతా బస్సులోనే గడిచినట్టు. పైగా మధ్యాహ్నానికి మబ్బు దిగిపోతే అవతలి ప్లాట్‌ఫామ్ కూడా కనిపించదు. రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున మొదటి బ్యాచ్‌లో వెళ్లండి. హాస్టల్ డార్మ్‌లో మంచం విద్యార్థులకి అందుబాటు ధరలోనే దొరుకుతుంది. రాత్రి కూడా వృథా కాదు, టార్చి పట్టుకుని గైడుతో అడవి నడక ఉంటుంది. కప్పలు, పాములు, కొమ్మ మీద ముడుచుకుని నిద్రపోయే చిన్న పిట్టలు అప్పుడే కనిపిస్తాయి.

అరెనాల్ వైపు పరిస్థితి వేరు. లా ఫోర్చూనా చాలా కిందికి, సుమారు 250 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. వెచ్చగా, తడిగా ఉంటుంది. ఇది మనం పుస్తకాల్లో చదివే వర్షారణ్యం, పెద్ద పెద్ద ఆకులు, మందపాటి తీగలు, పొద్దున్నే హౌలర్ కోతుల అరుపులు. కారులో అయితే సాన్ హొసే నుంచి మూడు, మూడున్నర గంటలు, నేరుగా వెళ్లే బస్సులో ఇంకో గంట. షటిల్ వ్యానులో తెల్లవారుజామునే బయల్దేరితే పదికల్లా కేబుల్ మీద ఉండొచ్చు, రాత్రి పడుకోవడానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఒక్క రోజు వాళ్లకి ఇదే అన్నది అందుకే.

అగ్నిపర్వతం 1968 జులైలో పేలి చుట్టుపక్కల ఊళ్లని మట్టుపెట్టింది. 2010 దాకా నిప్పులు కక్కుతూనే ఉండి, అప్పటి నుంచి నెమ్మదించింది. జిప్‌లైన్ ప్రకటనల్లో దాని శంఖం ఆకారం నీలాకాశంలో మెరిసిపోతుంటుంది. నిజానికి ఆ కొండ ఎక్కువ రోజులు మబ్బులోనే దాక్కుంటుంది, పొద్దున పూట కనిపించే అవకాశం కొంచెం ఎక్కువ. కొండ కనిపించకపోయినా అరెనాల్ సరస్సు మీదుగా వచ్చే దృశ్యం బాగుంటుంది. లా ఫోర్చూనాకి ఇంకో పెద్ద లాభం, జిప్‌లైన్ రెండు మూడు గంటల్లో అయిపోయాక కూడా చేయడానికి పనులున్నాయి. దాదాపు 70 మీటర్ల జలపాతం ఉంది, సుమారు 500 మెట్లు దిగి ఎక్కాలి. మిస్తికో పార్కులో వేలాడే వంతెనల నడక ఉంది. తబకోన్ దగ్గర వేడినీటి ఏరు ఉంది. మీ గుంపులో ఎత్తు అంటే భయపడే స్నేహితురాలు ఉంటే ఆ అమ్మాయి రోజు కూడా వృథా కాదు.

అమ్మానాన్న మిమ్మల్ని చూడటానికి వచ్చినా అరెనాలే మేలు. స్కై ట్రెక్ దగ్గర జిప్‌లైన్ చేయని వాళ్లు ట్రామ్‌లో పైకి వెళ్లి, చూసి, మళ్లీ ట్రామ్‌లోనే దిగొచ్చు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి వేడినీటి స్నానాలు ఉండనే ఉన్నాయి.

క్వెపోస్, మాన్యుయెల్ ఆంటోనియో గురించి ఎక్కువ చెప్పను. మాన్యుయెల్ ఆంటోనియో నేషనల్ పార్కు అద్భుతమే. చిన్న టిటి కోతులు, కొమ్మలకి వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్‌లు, అడవి అంచునే తెల్లటి ఇసుక. కానీ జిప్‌లైన్లు పార్కులో ఉండవు. ఊరి బయట, లోపలి కొండల్లో ఉంటాయి, అక్కడికి పోయే దారంతా పామాయిల్ తోటలే. ఉక్కపోత భరించలేనంత, నడుముకీ తొడలకీ బిగించే పట్టీల హార్నెస్, హెల్మెట్ వేసుకుని పదకొండు గంటలకి ఎండలో మెట్లెక్కడం సరదాగా ఉండదు. పార్కుకి మంగళవారం సెలవు. కాబట్టి మంగళవారం అక్కడ ఉండాల్సి వస్తే ఆ రోజు జిప్‌లైన్, మిగతా రోజులు సముద్రం. అలా అయితే సరిగ్గా కుదురుతుంది.

సాన్ హొసే నుంచి అతి దగ్గర కావాలంటే బ్రౌలియో కారియో అడవి పక్కన, ఇందాక చెప్పిన ఏరియల్ ట్రామ్ వైపు వెళ్లొచ్చు. అడవి మంచిది. అయితే ఆ 32వ నంబరు రోడ్డు వానల్లో కొండచరియలు విరిగిపడి తరచూ మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, బ్రేకు. జిప్‌లైన్లన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి గానీ ఆపే పద్ధతిలో ఒకదానికొకటి పోలికే ఉండదు. కోస్టారికాలో పాతకాలం నుంచి ఉన్న పద్ధతి చేతి బ్రేకు. అరచేతి దగ్గర మందపాటి తోలు అతికించిన గ్లవ్ ఇస్తారు. ఆ చెయ్యిని పుల్లీకి, అంటే మిమ్మల్ని మోస్తూ కేబుల్ మీద దొర్లే చక్రాలకి వెనక, కేబుల్ మీద తేలిగ్గా ఆనించి ఉంచాలి. అవతలి గైడు చేతులు ఊపి సైగ చేసినప్పుడు కిందికి నొక్కాలి. పుల్లీకి ముందు చెయ్యి పెట్టారంటే చక్రాలు వేళ్ల మీదుగా వెళ్తాయి. ఇది ఎంత చెప్పినా తక్కువే. కంగారులో ముందే నొక్కేస్తే నడి కేబుల్‌లో ఆగిపోతారు. అప్పుడు వెనక్కి తిరిగి, రెండు చేతులతో కేబుల్‌ని ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ ప్లాట్‌ఫామ్ దాకా మిమ్మల్ని మీరే లాక్కోవాలి, లేదా గైడు వచ్చి తీసుకెళ్తాడు. బరువు తక్కువున్న వాళ్లు ఎదురుగాలిలో ఏ తప్పూ చేయకుండానే ఇలా ఆగిపోతుంటారు. వానలో ఇంకో చిక్కు, తడి కేబుల్ మీద తోలు సరిగ్గా పట్టదు.

రెండో పద్ధతిలో ఆపే పని మీది కాదు. కేబుల్ చివర స్ప్రింగో, తాడో, గైడు నడిపే బ్రేకో ఉంటుంది. స్కై ట్రెక్‌లో అయితే రెండు చేతులతో పట్టుకునే పిడి ఉంటుంది, చేత్తో ఆపే పనే లేదు. మొదటిసారి చేసే వాళ్లు, గుంపులో ఒకరైనా భయస్థులు ఉన్నవాళ్లు, వానాకాలంలో వెళ్లే వాళ్లు ధర కొంచెం ఎక్కువైనా ఈ రెండో పద్ధతి ఉన్న చోటికే వెళ్లండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

కోస్టారికాలో బుకింగులన్నీ వాట్సాప్‌లోనే నడుస్తాయి. మీకు స్పానిష్ వస్తే నేరుగా అడగండి: 'కియెన్ ఫ్రేనా, ఎల్ గియా ఓ యో?' బ్రేకు వేసేది గైడా, నేనా అని. వెంటనే, స్పష్టంగా జవాబిచ్చే వాళ్లని నమ్మొచ్చు. ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనుమతి ఉందా, ఏసీసీటీ ప్రమాణాల ప్రకారం తనిఖీ చేయిస్తారా అని కూడా అడగండి. ఏసీసీటీ అంటే అమెరికాలో ఇలాంటి తాళ్ల కోర్సులకి ప్రమాణాలు రాసే సంఘం. అక్కడికి వెళ్లాక మీ కళ్లతో చూడాల్సింది ఒకటుంది. ప్లాట్‌ఫామ్ మీద ఒక కొక్కెం తీసేముందు రెండోది చెట్టు చుట్టూ ఉన్న తాడుకో, కేబుల్‌కో తగిలిస్తున్నారా? ఒక్క క్షణం కూడా మిమ్మల్ని దేనికీ తగిలించకుండా వదలకూడదు. హార్నెస్ తొడల దగ్గర పట్టీలు గైడు తన చేత్తో లాగి చూడాలి. అలా చూడకపోతే అడగడానికి మొహమాటపడొద్దు.

నెలల లెక్క ఇలా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పసిఫిక్ వైపు ఎండాకాలం, క్వెపోస్‌కి మంచి సమయం. అదే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాంటెవెర్డేలో గాలులు భీకరంగా వీస్తాయి, పొడవు కేబుళ్లు ఆపేసే రోజులుంటాయి. డిసెంబర్ సెలవుల్లో మాంటెవెర్డే వెళ్లే వాళ్లు అందుకే చివరి రోజుకి బుక్ చేసుకోకూడదు, మర్నాటికి మార్చుకునే వీలుండాలి. లా ఫోర్చూనాలో ఏ నెలైనా వాన రావచ్చు. మే నుంచి నవంబర్ దాకా దేశంలో చాలా భాగం పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన. కాబట్టి ఎనిమిది గంటల బ్యాచ్ అడగండి. మామూలు వానకి ఆపరు, ఉరుము మెరుపులుంటే ఆపేస్తారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో పసిఫిక్ వైపు వాన కుండపోత, క్వెపోస్ మానుకోండి. స్ప్రింగ్ బ్రేక్ ఈస్టర్ వారంతో కలిసిందేమో చూసుకోండి. ఆ గురువారం, శుక్రవారం బస్సులు చాలా మటుకు తిరగవు, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. జిప్‌లైన్‌కి మామూలుగా 50 నుంచి 100 డాలర్ల మధ్య అవుతుంది. చెప్పిన ధరలో 13 శాతం పన్ను కలిసిందో లేదో అడగండి. విద్యార్థి కార్డుకి చాలాచోట్ల తగ్గింపు ఉంటుంది, మీరు అడిగితేనే ఇస్తారు. బోర్లా పడుకునే సూపర్‌మ్యాన్, టార్జాన్ ఊయల లాంటివి కలిపిన ప్యాకేజీ అక్కడ కౌంటర్‌లో అంటగడతారు. ముందు మామూలు కేబుల్ చేసి, అప్పుడు తేల్చుకోండి.

ఇన్సూరెన్స్ మాత్రం క్లుప్తంగా వదిలేసే విషయం కాదు. సెమిస్టర్ ప్రోగ్రాం ఇచ్చే పాలసీల్లో సాహస క్రీడలు మినహాయించినవి చాలా ఉన్నాయి. పాలసీ కాగితంలో జిప్‌లైన్ అన్న మాట కోసం వెతకండి, కనిపించకపోతే ప్రోగ్రాం ఆఫీసుకి ఈమెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. అక్కడ సంతకం పెట్టించుకునే కాగితం కంపెనీని కాపాడేది. మీ ఆస్పత్రి ఖర్చు పెట్టేది కాదు.

అమెరికా నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లే భారతీయ విద్యార్థులకి ఇంకో ముఖ్యమైన మాట. చెల్లుబాటయ్యే మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉంటే కోస్టారికాలో కొద్ది రోజుల పర్యటనకి వేరే వీసా అక్కర్లేదు. టికెట్ కొనేముందు వాళ్ల ఎంబసీ సైట్‌లో తాజా నిబంధన చూసుకోండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉంటున్న వాళ్లు మాత్రం వెళ్లకండి. మెక్సికో, కెనడా వెళ్లొచ్చే వాళ్లకి గడువు తీరిన వీసాతో తిరిగొచ్చే వెసులుబాటు ఒకటుంది. అది కోస్టారికాకి వర్తించదు. ఐ-20 మీద డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ప్రయాణ సంతకం ఏడాదిలోపుది ఉండాలి, ఓపీటీలో (చదువుకి సంబంధించిన పని అనుమతి) ఉంటే ఆరు నెలల్లోపుది. సెమిస్టర్ అంతా చదవడానికి వెళ్లే వాళ్ల వీసా సంగతి వేరు, అది ప్రోగ్రాం వాళ్లే దగ్గరుండి చూస్తారు.

బట్టల విషయంలో మన అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్పాల్సింది జడ. పుల్లీ తల పక్కనే తిరుగుతుంది. జుట్టు గట్టిగా అల్లి చొక్కా లోపలికి దూర్చేయాలి. గొలుసులు, వేలాడే చెవిరింగులు గదిలోనే వదిలేయండి. మోకాళ్లు దాటిన ప్యాంటు, వేళ్లు కప్పే బూట్లు ఉండాలి. కళ్లద్దాలకి వెనక తాడు కట్టుకోండి. ఫోన్ జిప్పున్న జేబులో ఉండాలి. మాంటెవెర్డేకి అయితే వాన కోటు, స్వెటరు రెండూ కావాలి.

తిండికి ఇబ్బంది పడక్కర్లేదు. చిన్న హోటళ్లని సోదా అంటారు, అక్కడ కసాదో అడిగితే అన్నం, బీన్స్, సలాడ్, వేయించిన అరటిపండు ముక్కలు వస్తాయి. శాకాహారులు 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అని చెప్పడంతో ఆగకుండా, బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో అడగాలి. కడుపు నిండా తిని హార్నెస్ వేసుకోకండి, పట్టీలు సరిగ్గా పొట్ట మీదే బిగుస్తాయి.

రెండు ఊళ్లూ చూడాలంటే రెండు రాత్రులు పెట్టుకుని లా ఫోర్చూనా నుంచి మాంటెవెర్డేకి సరస్సు మీదుగా వెళ్లండి. వ్యాను, పడవ, మళ్లీ వ్యాను. రోడ్డు మీద సరస్సు చుట్టూ తిరిగి పోయే దానికన్నా త్వరగా చేరతారు, దారి కూడా చాలా అందంగా ఉంటుంది. అలా వెళ్తే జిప్‌లైన్ ఒక్కచోటే చేయండి, మాంటెవెర్డేలో. అరెనాల్‌లో వంతెనల మీద నడవండి, ఎందుకంటే కేబుల్ మీద ఆ వేగంలో స్లాత్ కాదు కదా, పెద్ద ముక్కున్న టూకాన్ పిట్ట కూడా కంటికి ఆనదు. తిరుగు ప్రయాణానికి ఆదివారం మధ్యాహ్నం బస్సులు ముందే నిండిపోతాయి కాబట్టి శాంతా ఎలీనాలో దిగిన రోజే సాన్ హొసే టికెట్ కొనేసుకోండి.